ఇంటికి చేరిన గాయం: కొల్లేటి సీమలో కంటి శస్త్రచికిత్స, శిలీంధ్రం



ఈ సభ ఎల్.వి. ప్రసాద్ గారి స్మృతికి అంకితమైనది. ఏలూరుకు కూతవేటు దూరంలోని సోమవరప్పాడులో పుట్టిన ఆ మనిషి 1931లో తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోనూ, అదే ఏడు తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’లోనూ, ఆ మరుసటి ఏడు తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ కనిపించారు. ‘మన దేశం’, ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీశారు. 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే. అయితే ఈ సభకు ఆయన పేరు ఎంచుకోవడానికి కారణం సినిమాల్లో లేదు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి ఆసుపత్రి తలపెట్టినప్పుడు ప్రసాద్ గారి కుటుంబం బంజారా హిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయల ధనం ఇచ్చింది. 1987లో ఆ సంస్థ తలుపులు తెరిచింది. ప్రేక్షకుల చూపు మీద బతికిన కళాకారుడు తన సంపాదనలో కొంత భాగాన్ని చూపు నిలబెట్టే పనికి మళ్లించారు.

ఇలాంటి సభలో కంటి వైద్యం సాధించిన విజయాలను వివరించడం రివాజు. అవి చెప్పుకోదగ్గవే. నేను మాత్రం ఆ విజయం మన మీద మోపిన బాధ్యతను గురించి మాట్లాడదలచాను. శుక్లాల ఆపరేషన్ ఈనాడు పూట పని. ఉదయం వెళ్లిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాడు. ఆసుపత్రి పడక మీద మానవలసిన గాయం ఊళ్లో మానుతోంది. ఆ గాయంలోకి బూజు, అంటే శిలీంధ్రం, చేరితే అది బయటపడేది చాలాసార్లు రెండు మూడు వారాల తరువాత, ఆసుపత్రి దృష్టి మరలిన తరువాత. కాబట్టి పగటి శస్త్రచికిత్సకు ఒప్పుకున్న సమాజం, ఆసుపత్రి విడిచిపెట్టిన కాపలాను తాను చేపట్టడానికి కూడా ఒప్పుకోవాలి. ఈ ప్రతిపాదననే చరిత్ర నుంచి, ప్రయోగశాల నుంచి, మన పొలాల నుంచి, చెరువుల నుంచి నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

పడక నుంచి పగటి ఆపరేషన్ దాకా

శుక్లానికి శస్త్రచికిత్స మన దేశంలో చాలా ప్రాచీనం. సుశ్రుతుని పేరున నిలిచిన పద్ధతిలో, మసకబారిన కటకాన్ని సూదితో పక్కకు తోసి వెలుగుకు దారి చేసేవారు. ఊరూరా తిరిగే వైద్యులు ఆ పని ఇరవయ్యో శతాబ్దంలోనూ చేశారు. మద్రాసు కంటి ఆసుపత్రిలో పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ 1917లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు ఈ పద్ధతి మీదనే. సూది దిగిన తరువాత చీము పట్టి పోయిన కళ్లను ఆయన దగ్గరగా చూశాడు. ఏలూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1819లో మొదలైన ఆ మద్రాసు ఆసుపత్రి ప్రపంచంలోని పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి.

కటకాన్ని తోయడం మాని బయటికి తీయడం 1747లో ఫ్రాన్సులో జాక్ డావియెల్‌తో మొదలైంది. ఆ తరువాత రెండు వందల ఏళ్లపాటు ఆపరేషన్ అంటే పడకే. నల్లగుడ్డు అంచున సగం చుట్టు కోత పడేది. దాన్ని పట్టి ఉంచే కుట్లు లేని రోజుల్లో రోగి రెండు కళ్లకూ కట్టుతో, తల కదలకుండా, రోజుల తరబడి వెల్లకిలా పడుకోవలసి వచ్చేది. ఆ శిక్షలో ఒక రక్షణ ఉంది. ఎవరో ఒకరు ఆ కట్టు విప్పి కన్ను చూసేవారు. ఎరుపు పెరిగినా, నొప్పి మొదలైనా ఆసుపత్రిలోనే తెలిసేది.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటిలో కృత్రిమ కటకం అమర్చాడు. యుద్ధ విమానాల ప్లాస్టిక్ పలకల ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు ఆ పదార్థాన్ని సహించడం చూసి వచ్చిన ఆలోచన అది. 1967లో న్యూయార్క్ వైద్యుడు చార్లెస్ కెల్మన్ కటకాన్ని శబ్ద తరంగాలతో నలగగొట్టి సన్నని రంధ్రం ద్వారా పీల్చివేసే పద్ధతి తెచ్చాడు. యంత్రం లేకుండానే, ఆరేడు మిల్లీమీటర్ల సొరంగపు కోతతో, కుట్టు లేకుండా చేసే పద్ధతి భారతదేశంలో, నేపాల్‌లో విస్తరించింది. పేదవాడి కంటికి కటకం అందింది ప్రధానంగా దీని వల్లనే. కోత చిన్నదైంది, కుట్టు పోయింది, కుట్టుతో పాటు పడకా పోయింది.

ఈ మార్పు అవసరం ఎంతటిదో మన జిల్లాను కూడా కలుపుకున్న లెక్కలే చెబుతాయి. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనానికి ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో అప్పటి పశ్చిమ గోదావరి ఒకటి. మిగిలినవి హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. 10,293 మందిని పరీక్షిస్తే 1.84 శాతం మంది అంధులని, ఆ అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్లనేనని తేలింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమానికి తోడు, 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో శుక్లాల పథకం నడిచిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. దేశంలో ఏటా 60 లక్షలకు పైగా శుక్లాల ఆపరేషన్లు జరిగే దశకు చేరాం. పడకలు పట్టుకుని కూర్చుంటే ఈ సంఖ్య అసాధ్యం. పగటి శస్త్రచికిత్స లేకుండా ఈ దేశపు వృద్ధులకు చూపు లేదు. నా వాదం దానికి వ్యతిరేకం కాదని ముందే స్పష్టం చేస్తున్నాను.

బూజు స్వభావం

కంటికి బూజు పట్టడాన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించింది 1879లో, జర్మన్ వైద్యుడు థియోడర్ లెబర్. రోగి 54 ఏళ్ల రైతు. నూర్పిడి యంత్రం దగ్గర ఓట్ల పొట్టు ఎగిరి కంట్లో పడింది. నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఆ పుండు గీరి చూస్తే ఆస్పర్జిల్లస్ అనే బూజు కనిపించింది. ఓట్లకు బదులు వడ్లు అనుకుంటే ఆ రైతు మన దెందులూరు వాడో, ఉంగుటూరు వాడో అయి ఉండేవాడు.

నూరేళ్లు దాటిన తరువాత కూడా చిత్రం పెద్దగా మారలేదు. 1990ల్లో దాదాపు పదేళ్లపాటు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ సంస్థకు వచ్చిన రోగుల్లో 1,352 మందికి నల్లగుడ్డు మీద శిలీంధ్రపు పుండు ఉన్నట్లు ప్రయోగశాలలో రుజువైంది. అందులో ఫ్యుజేరియం అనే బూజు వాటా 37 శాతం, ఆస్పర్జిల్లస్ వాటా 31 శాతం. సగానికి పైగా రోగుల కంటికి ముందుగా ఏదో దెబ్బ తగిలింది. ఎక్కువమంది పని చేసుకునే వయసులోని మగవాళ్లు. 1993లో మదురై జిల్లాలో లెక్కించినప్పుడు నల్లగుడ్డు పుండ్లు లక్ష మందికి ఏడాదికి 113గా తేలాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక కౌంటీలో ఆ సంఖ్య 11. పదింతల ఆ తేడాకు మూలం వేడి, తేమ, చేతి సేద్యం.

ఆపరేషన్ తరువాత కంటి లోపల పుట్టే ఇన్ఫెక్షన్ వేరు జబ్బు. మంచి ఆసుపత్రుల్లో అది వెయ్యి ఆపరేషన్లకు ఒకటి కంటే తక్కువ. అయితే వచ్చినవాటిలో దేనివల్ల వచ్చాయన్నది ముఖ్యం. పాశ్చాత్య దేశాల్లో అది దాదాపుగా బాక్టీరియా కథ. 1999లో ప్రచురితమైన హైదరాబాదు అధ్యయనంలో, ఆపరేషన్ తరువాతి కంటి ఇన్ఫెక్షన్లలో ప్రయోగశాలలో పెరిగిన క్రిముల్లో సుమారు ఆరింట ఒకటి శిలీంధ్రం. అంటే మన గాలిలో, నీటిలో, ధాన్యంలో ఉన్నదే మన ఆపరేషన్ గాయాల్లోనూ కనిపిస్తోంది. పుస్తకంలో చదివిన నిష్పత్తులతో ఇక్కడి కంటిని అంచనా వేయలేం.

బూజు తీరు బాక్టీరియా తీరుకు భిన్నమైనది. బాక్టీరియా సోకిన కన్ను సాధారణంగా వారం లోపే ఎర్రబడి, నొప్పితో మనిషిని ఆసుపత్రికి లాక్కొస్తుంది. బూజు దారాలు దారాలుగా, చెద దూలాన్ని తొలిచినట్లు, పైకి పెద్దగా తెలియకుండా లోతుకు పోతుంది. రెండు వారాలు, నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం తరువాత చూపు మసకబారుతుంది. ఆ మసకను ఆపరేషన్ తరువాతి మామూలు వాపుగా పొరబడటం తేలిక. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు పెంచుతారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఎందుకంటే స్టెరాయిడ్ అణచేది శరీరపు ప్రతిఘటనను. ఆ అండతో బూజు మరింత పెరుగుతుంది.

యాంటీబయాటిక్ చుక్కలు దీనిమీద పనిచేయవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచే 1940ల్లో తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వెలువడింది. బాక్టీరియా జబ్బుల మీద మానవుడి పట్టు మార్చిన మందుల్లో అది ఒకటి. ఆయన 1948లో మరణించిన ఐదేళ్లకు, ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించిన శాస్త్రవేత్త దానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. బాక్టీరియాను జయించే మందు, ఒక శిలీంధ్రపు పేరు రెండూ ఈ డెల్టా మనిషితో ముడిపడి ఉన్నాయి. శిలీంధ్రం మీద పనిచేసే మందులు మాత్రం ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. 1955లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి నాటమైసిన్ దొరికింది. అదే దశకంలో వెనిజులా మట్టి నుంచి ఆంఫోటెరిసిన్ వచ్చింది. 2013లో వెలువడిన మదురై పరీక్షలో, కొత్తదైన వొరికొనజోల్ కంటే పాత నాటమైసినే నల్లగుడ్డు పుండుకు మెరుగని రుజువైంది. కానీ నాటమైసిన్ కంటి లోపలికి సరిగా చొరబడదు. లోపలికి చేరిన బూజుకు సూదిమందు కంటిలోకే ఇవ్వాలి, చాలాసార్లు కంటిలోని జెల్లీ వంటి పదార్థాన్ని తీసివేయాలి. అప్పటికీ చూపు నిలుస్తుందన్న హామీ లేదు.

మూడు దారులు

గాయంలోకి బూజు వచ్చే దారులు మూడు: సీసా, గది, ఊరు.

మొదటిది సీసా. 1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో జరిగిన ఒక కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 84 మంది కళ్లు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. వాడిన సెలైన్‌లోనే దోషం ఉందని విచారణ తేల్చింది. ఆ ఘటన మీదనే 1989లో సుప్రీంకోర్టు ఎ.ఎస్. మిట్టల్ కేసులో ఇచ్చిన తీర్పు, శిబిరమైనా సేవాభావమైనా జాగ్రత్త ప్రమాణం తగ్గడానికి వీల్లేదని స్థిరపరిచింది. 2016 జూన్ 30న హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. కన్ను కడగడానికి వాడిన ద్రావణంలో క్లెబ్సియెల్లా బాక్టీరియా ఉన్నట్లు పరీక్షల్లో బయటపడింది. ఈ రెండు ఘటనల్లో సోకింది బూజు కాదు. అయినా దారి అదే.

ఆ దారిన బూజు వచ్చిన ఘటన 2012లో అమెరికాలో జరిగింది. ఫ్లోరిడాలోని ఫ్రాంక్స్ అనే మందుల తయారీ శాల రెటీనా ఆపరేషన్‌లో వాడే నీలిరంగు, కంటిలోకి ఇచ్చే ట్రయామ్‌సినలోన్ స్టెరాయిడ్ తయారుచేసి పంపింది. తొమ్మిది రాష్ట్రాల్లో 47 మందికి కంటి లోపల శిలీంధ్రం సోకింది. రంగు వాడినవాళ్లలో ఫ్యుజేరియం, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో బైపోలారిస్ అనే మరో బూజు దొరికాయి. విప్పని సీసాలోనూ అదే ఫ్యుజేరియం ఉంది. వారిలో చాలామంది ఎంతో కొంత చూపు కోల్పోయారు. 2020లో దక్షిణ కొరియాలో శుక్లాల ఆపరేషన్‌లో కన్ను మూసుకుపోకుండా నింపే జిగురు ద్రవం ద్వారా వందమందికి పైగా రోగులకు ఫ్యుజేరియం సోకింది. ఒక్కో సర్జన్‌కు చాలాసార్లు ఒకటి రెండు కేసులే కనిపిస్తాయి. అన్నీ కలిపి చూసినవాళ్లకే సీసా కనిపిస్తుంది. ఏ రోగికి ఏ సీసా వాడారో రాసి ఉంటేనే అలా కలిపి చూడటం సాధ్యం.

రెండోది గది. సౌదీ అరేబియాలో ఒక ఆసుపత్రి ఆవరణలో నిర్మాణం జరుగుతున్న కాలంలో శుక్లాల ఆపరేషన్ అయిన ఐదుగురికి ఆస్పర్జిల్లస్ సోకింది. ఆ పరిశీలన 1998లో అచ్చయింది. గోడ పగలగొట్టినప్పుడు లేచే దుమ్ము, తేమ పట్టిన సీలింగ్, శుభ్రం చేయని ఏసీ వడపోత, ఇవన్నీ బూజుకు నివాసాలు. మూడు వానాకాలాలు చూసిన ఏ భవనానికైనా కొల్లేటి సీమలో ఈ ప్రశ్న వర్తిస్తుంది.

మూడోది ఊరు. దీనిమీదే ఎక్కువగా నిలబడదలచాను, ఎందుకంటే మొదటి రెండు దారులకు కాపలా ఎవరిదో తెలుసు. దీనికి ఎవరిదో తెలియదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు నీటికి కట్టుబాటు తెచ్చిన తరువాత ఇక్కడ రెండు పంటల వరి స్థిరపడింది. కార్తీకం దాటేసరికి సార్వా కోతలు, ఎండలు ముదిరేసరికి దాళ్వా కోతలు. కోత యంత్రం లేపే పొట్టు, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం మీదుగా లారీలు లేపే ధూళి, తాడేపల్లిగూడెం చుట్టూ రైసు మిల్లుల ఊక, ఊక బూడిద, ఏడాదిలో ఎన్నో నెలలు ఈ గాలిలో ఉంటాయి. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన కొల్లేరు చుట్టూ చేపల చెరువులు విస్తరించాయి. 2006లో ప్రభుత్వం గట్లు తెంచినా ఆ సాగు చుట్టుపక్కల బతుకుతెరువుగానే ఉంది. ఆ చెరువులకు మేత తవుడు, నూనె తీసిన చెక్క. తేమ తగిలిన తవుడు మూట విప్పినప్పుడు ముఖాన కొట్టే ధూళిలో ఏముందో రైతుకు పేరుతో తెలియకపోవచ్చు. మొక్కజొన్నకు, వేరుశనగకు అఫ్లాటాక్సిన్ పట్టించే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అలాంటి చోట్లే పెరుగుతుంది, కంటి పుండ్లలోనూ అది కనిపిస్తుంది. అరటికి పనామా తెగులు తెచ్చేది ఫ్యుజేరియం కుటుంబమే.

ఇటువంటి గాలిలోకి, ఆ పూటే పడిన కోతతో ఒక మనిషి తిరిగివస్తాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకొమ్మన్నారు, తలస్నానం వద్దన్నారు, చుక్కల సీసా ఇచ్చారు. ఇంటి ధాన్యం కళ్లంలో ఉంటుంది. మబ్బు పడితే బరకం కప్పడానికి ఆ మనిషే పరుగెత్తాలి. కాలవ నీళ్లతో ముఖం కడుగుతారు. దురద పుడితే కొంగుతో ఒత్తుతారు. నలక పడితే నాలుకతో తీసే పెద్దమ్మలు, చనుబాలు, ఆకుపసరు వేసే చేతులు ఇంకా ఉన్నాయి. వీరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. విశ్రాంతి ఒక ఖర్చు, ఆ ఖర్చును మనం ఆసుపత్రి లెక్కల నుంచి తీసి కూలివాడి లెక్కలో వేశాం. ఆ సంగతి ఒప్పుకోకుండా జాగ్రత్తల కాగితం చేతిలో పెట్టడం సరిపోదు.

ఆలస్యం

సోకిన తరువాత చూపును నిర్ణయించేది ముఖ్యంగా ఎన్నాళ్లకు గుర్తించామన్నది. గుర్తించడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. నల్లగుడ్డు పుండును సన్నని బ్లేడుతో గీరి, గాజు పలక మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, బూజు దారాలు నిమిషాల్లో కనిపిస్తాయి. కంటి లోపలి నీటినీ ఇలా పరీక్షించవచ్చు. పెంచి చూడటానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు గాని చికిత్స మొదలుపెట్టడానికి మొదటి చూపు చాలు. కావలసింది రసాయనం, సూక్ష్మదర్శిని, తర్ఫీదు పొందిన కన్ను.

పొరబాటుకు మరొక చోటు ఉంది. వరిమడి నీటిలో, చిత్తడిలో ఉండే పిథియం అనే జీవి అచ్చం బూజులాగే కనిపిస్తుంది. అది శిలీంధ్రం కాదు. దాని పొరలో శిలీంధ్రపు మందులు దాడిచేసే ఎర్గోస్టెరాల్ ఉండదు కాబట్టి నాటమైసిన్ పనిచేయదు. ఇది కంటి పుండ్లకు కారణమవుతోందని హైదరాబాదు సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు 2015లో వివరంగా చూపించారు. కొల్లేటి వంటి నీటి సీమలో మందుకు తగ్గని ప్రతి ‘ఫంగస్’ కంటినీ ఈ అనుమానంతో మళ్లీ చూడాలి. పాముపొడ తెగులుకు మన రైతులు చల్లే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ మందులదీ, కంటికి వేసే వొరికొనజోల్‌దీ ఒకే రసాయన కుటుంబం. పొలాల్లో వాడిన ఇలాంటి మందుల వల్ల ఆస్పర్జిల్లస్ మొండికెత్తడం నెదర్లాండ్స్‌లో గమనించారు. ఇక్కడి బూజులను ఇక్కడే పరీక్షించుకోవలసిన అవసరానికి ఇది అదనపు కారణం. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మొక్కల బూజులను చదివేవారు, కళ్ల బూజులను చదివేవారు ఒక జిల్లా దూరం కూడా లేని చోట కలిసి కూర్చోకపోవడానికి కారణం కనిపించదు.

ఆలస్యానికి మరో కారణం, మన చూపు గుంపుగా వచ్చే జబ్బుల మీదే ఉండటం. 2020 డిసెంబరు 5 నుంచి కొద్ది రోజుల్లో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో, తల తిరుగుడుతో ఆసుపత్రి చేరారు. దేశంలోని పెద్ద సంస్థలు కదిలివచ్చాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. మరుసటి ఏడు కోవిడ్ తరువాతి బ్లాక్ ఫంగస్ కళ్లను, ప్రాణాలను తీసుకుపోయినప్పుడు దాన్ని తప్పక నివేదించవలసిన జబ్బుగా ప్రకటించారు, ఆంఫోటెరిసిన్ కోసం దేశమంతా వెదికింది. మందగా వచ్చిన ఆపదను చూడటం మనకు వచ్చు. విడివిడిగా, కోత కోతకూ ఒక్కో కంటిని తీసుకుపోయే ఆపద మన లెక్కల్లో చేరదు. అలా కన్ను పోయిన మనిషి ‘పువ్వు వేసింది’ అని సరిపెట్టుకుంటాడు. ఆపరేషన్ చేసినచోటికి ఆ సంగతి తిరిగి చేరనే చేరదు.

కాపలా ఎవరిది

ఊరు కాపలా కాయగలదా అన్నది న్యాయమైన ప్రశ్న. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు నల్లగుడ్డు గీరుకుపోయిన 442 మందికి యాంటీబయాటిక్ లేపనం ఇచ్చారు. 96 శాతం మందికి ఇన్ఫెక్షన్ లేకుండా మానింది. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు పడిన 284 మందిలో ఒక్కరికీ పుండు లేవలేదు. 2001లో వెలువడిన ఈ ఫలితం ఎంతో ఆశ కలిగించింది. అదే దేశంలో తరువాత గ్రామాలను రెండు వర్గాలుగా విభజించి చేసిన పెద్ద పరీక్ష 2022లో అచ్చయినప్పుడు, కార్యకర్తలున్న గ్రామాల్లో పుండ్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేలింది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. లేపనం చేతికిచ్చి పంపితే చాలదు. కార్యకర్త చూపిన కన్ను ఆ రోజే వైద్యుడి దీపం కిందికి చేరే దారి ఉండాలి.

అందువల్ల నేను కోరేవి అసాధ్యమైనవి కావు. ఆపరేషన్ అయిన ప్రతి మనిషి చేతిలోని కాగితం మీద, కంటిలో వాడిన ద్రావణం, జిగురు, కటకం, సూదిమందుల బ్యాచి నంబర్లు ఉండాలి. ఖుర్జా నుంచి కొరియా దాకా చరిత్ర నేర్పిన మొదటి పాఠం ఇది. మొదటి రోజు, వారం రోజుల పరీక్షలతో ఆగిపోకుండా, ఆరు వారాల దాకా కనీసం మూడుసార్లు, ఊళ్లోనే, ఆశా కార్యకర్త లేదా ఆప్తాల్మిక్ అసిస్టెంట్ ఆ కంటిని పలకరించాలి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మొన్నటి కంటే చూపు తగ్గిందా? తగ్గిందంటే ఆ రోజే పంపాలి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి అంచున కైకలూరులో, గాజు పలక చూసి బూజును గుర్తించగలిగిన మనిషి వారంలో అన్ని రోజులూ ఉండాలి. మందుల షాపుల్లో పాత చీటీ మీద స్టెరాయిడ్ చుక్కలు మళ్లీ అమ్మడం ఆగాలి. ఈ ఒక్క అలవాటు తగ్గితే ఎన్నో కళ్లు నిలుస్తాయి. చివరగా, రోగి పేరు లేకుండా, ఏ నెలలో, ఏ ఆపరేషన్ తరువాత, ఏ బూజు, చూపు ఎంత మిగిలింది అనే వివరాలు ప్రభుత్వ, ప్రైవేటు, ధర్మ ఆసుపత్రులన్నీ ఒకే పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ప్రజలు చూడగలిగేదై ఉండాలి.

దీనికి ఆసుపత్రులు జంకుతాయి. చెడ్డపేరు వస్తుందన్న భయం సహజం. నా సమాధానం ఇది: ఒక్క కేసు బయటపెట్టిన ఆసుపత్రిని శిక్షించే సమాజంలో రెండో కేసు దాగుతుంది, మూడోది మరో ఊళ్లో పుడుతుంది. నిర్లక్ష్యానికి శిక్ష వేరు, నివేదికకు గౌరవం వేరు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం పత్రికలు, న్యాయవాదులు, ప్రజాప్రతినిధులు నేర్చుకోవలసిన విద్య. కూలివాడి విశ్రాంతికి వెల కట్టడం పథకాలు రాసేవారి బాధ్యత. కోతల రోజుల్లో ఆపరేషన్ తేదీ వేయాలా, కళ్లం ముగిశాక వేయాలా అన్నది కూడా రోగితో మాట్లాడి తేల్చుకోవలసిన వైద్య నిర్ణయమే.

మన కంటి వైద్యం ఇంతకాలం ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్కతో తన్ను తాను కొలుచుకుంది. శుక్లాల కుప్ప ముందు నిలబడిన తరానికి ఆ కొలత సరైనదే. ఆ కుప్ప చాలావరకు కరిగిన ఈ తరానికి అది చాలదు. ఇకమీదట ఈ జిల్లాల ఆసుపత్రులు ఏటా ప్రకటించవలసిన సంఖ్య, ఆపరేషన్ అయిన నలభై ఐదో రోజున ఎంతమంది తమ ఊళ్లో, తమ పనిలో, ఎంత చూపుతో ఉన్నారన్నది. ఆ సంఖ్యను అడిగే హక్కు రోగిది, సేకరించే పని మనందరిది. ఈ సభలో ఉన్న ఆసుపత్రుల పెద్దలు వచ్చే సార్వా కోతల నుంచే ఆ లెక్క మొదలుపెట్టాలని కోరుతున్నాను.